1917లో మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) చనిపోయిన మా జేజినాయన వాళ్ళ పెద్దనాయన వివరాలు ఎట్లా వెతకాలి?

పలమనేరోడు:

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె, ఇప్పుడు బెంగళూరు కేఆర్ పురంలో ఉంటాం. మా జేజినాయనకి పెద్దనాయన ఒకాయన మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినాడు. పేరు ఇక్కడ పెట్టట్లేదు, పెట్టినా లాభం లేదు, మా పక్క ప్రతి వీధిలో ఇద్దరు ముగ్గురికి అదే పేరు ఉంటుంది, ఇంటిపేరు ఎవరూ వాడేవాళ్ళు కాదు.

ఇంట్లో చెప్పుకునేది ఏమంటే, కరువు రోజుల్లో బెంగళూరుకి వచ్చి సాపర్స్ లో (సైన్యానికి రోడ్లు, బ్రిడ్జిలు కట్టే దళం) చేరినాడు, బస్రా యుద్ధానికి పోయినాడు, అక్కడ ఏదో పెద్ద నది మీద బ్రిడ్జి కడతా ఉంటే కాల్పుల్లో పోయినాడు, అంతే. పెళ్ళాం ఉండేది, పిల్లలు లేరు. ఆమెను ఊర్లో మిలిటరీ అవ్వ అనే వాళ్ళంట, పెన్షన్ కోసం పలమనేరు తాలూకాఫీసుకి పోయొచ్చేదంట. మా నాయనకి ఆమె బాగా గుర్తు, కానీ చిన్నపిల్లోడు కదా ఏమీ అడగలేదు, ఆమె కూడా ఏమీ చెప్పేది కాదంట.

మిగిలింది ఒక మెడల్. వెండిది అనుకుంటా, ఒక పక్క రాజు తల, ఇంకో పక్క గుర్రం మీద మనిషి, రిబ్బన్ ఎప్పుడో పోయింది. అరచేతి కన్నా పెద్ద కంచు బిళ్ళ ఇంకోటి ఉండేదంట, సింహం బొమ్మతో, అది పాతసామాన్ల వాడికి వేసేసినారు, ఎవరు వేసినారు అంటే ఇప్పటికీ ఇంట్లో గొడవే.

నేను ఇప్పుడు దీని వెంట ఎందుకు పడ్డానంటే, మా నాయనకి డెబ్బై దాటినాయి. ఆ పెద్దనాయన చనిపోయిన రోజు ఎవరికీ తెలీదు కాబట్టి మా ఇంట్లో మహాలయ అమావాస్యకే ఆయనకి పెడతారు. నాయనకి ఆ తిథి ఏదో తెలుసుకోవాలని పట్టుదల. సరే అని యుద్ధంలో పోయినవాళ్ళ సమాధులు, పేర్లు చూసుకునే వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్లో పేరు కొట్టి చూసినా, అదే పేరుతో లిస్టు వచ్చేసింది, అందులో ఎవడు మనోడో ఎట్లా తెలుస్తుంది. బ్రిగేడ్ రోడ్డు చివర ఉన్న యుద్ధ స్మారక స్తంభం దగ్గరికి కూడా పోయి నిలబడి చూసినా, ట్రాఫిక్ పోలీసాయన ఏం కావాలి సార్ అని అడిగినాడు, ఏం చెప్పాలో తెలీలేదు. ఎవరికైనా దీంట్లో అనుభవం ఉంటే చెప్పండి. యాడ మొదలుపెట్టాల?

కంటోన్మెంట్ కబుర్లు:

బ్రిగేడ్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు కలిసేచోట ఉన్నది సాపర్స్ ది కాదు బ్రో, పయనీర్స్ ది, 61వ పయనీర్స్ అని అదొక వేరే రెజిమెంట్. వాళ్ళు కూడా బెంగళూరు వాళ్ళే, మెసొపొటేమియాకి, తూర్పు ఆఫ్రికాకి వెళ్ళారు, పని కూడా ఇంచుమించు రోడ్లు వెయ్యడం తవ్వడం లాంటిదే కాబట్టి చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. పైగా 1933లో పయనీర్ రెజిమెంట్లు రద్దు చేసినప్పుడు మద్రాస్ పయనీర్స్ లో మిగిలినవాళ్ళు సాపర్స్ లో కలిశారు, అందుకని ఇప్పుడు అంతా ఒకటే అన్నట్టు మాట్లాడతారు. మీ వాళ్ళ ఇంట్లో 'సాపర్స్' అనే మాట ఎవరైనా పెద్దవాళ్ళే చెప్పారా, తర్వాత ఎవరో అంటించారా అన్నది ముందు చూసుకోండి.

జేసీ నగర్ లో ఇంకో మెమోరియల్ ఉంది, అక్కడికి కూడా వెళ్ళకండి, అది మైసూర్ లాన్సర్స్ ది, 1918 సెప్టెంబర్ 23న హైఫా మీద గుర్రాలతో వెళ్ళారే వాళ్ళది. మహారాజు గారి సైన్యం, మీ పలమనేరు మద్రాస్ ప్రెసిడెన్సీ. సంబంధం లేదు.

మెడల్ అంచు చూశారా? అసలు విషయం అక్కడ ఉంటుంది.

వీకెండ్ బుల్లెట్:

ఢిల్లీ వెళ్ళినప్పుడు ఇండియా గేట్ మీద పేర్లు ఉంటాయి చూడండి, లేకపోతే పక్కనే కొత్త నేషనల్ వార్ మెమోరియల్ లో ఇటుక ఇటుకకీ ఒక పేరు ఉంది, కియాస్క్ లో సెర్చ్ చేసుకోవచ్చు. మా ఫ్రెండ్ వాళ్ళ మామ పేరు అలాగే దొరికింది.

కంటోన్మెంట్ కబుర్లు:

మీ ఫ్రెండ్ మామగారు 1947 తర్వాత వాళ్ళు అయ్యుంటారు. 2019లో ప్రారంభించిన ఆ మెమోరియల్ స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ళకి మాత్రమే. ఇండియా గేట్ మీద చెక్కిన 13 వేల చిల్లర పేర్లలో కూడా ఎక్కువ భాగం వాయవ్య సరిహద్దులో, 1919 అఫ్ఘాన్ యుద్ధంలో పోయినవాళ్ళవి. మెసొపొటేమియాలో పోయిన సిపాయి కోసం ఢిల్లీ టికెట్ పెట్టుకోవడం దండగ. ఊరికే చూడ్డానికైతే వెళ్ళండి.

రిటైర్డ్ తంబి:

నేను మద్రాస్ సాపర్స్ లోనే హవల్దార్ గా రిటైరయ్యాను, సొంతూరు కుప్పం, ఇప్పుడు హలసూరులో సెటిల్. మా వాళ్ళని అందరూ తంబీలు అంటారు, ఆ పేరు చూసి ఎవరూ తమిళ్ అనుకోకండి, చిత్తూరు జిల్లా నుంచి మా గ్రూప్ లో చేరినవాళ్ళు తరతరాలుగా ఉన్నారు.

తమ్ముడూ ముందు ఆ మెడల్ ని ఎవరూ చింతపండు పెట్టి తోమకుండా చూడు. చాలా ఇళ్ళల్లో జరిగేది అదే, పండక్కి వెండి సామాన్లతో పాటు తోమి తోమి అంచు మీద అక్షరాలు అరగదీస్తారు. నువ్వు చెప్పినది బ్రిటిష్ వార్ మెడల్. వెనక గుర్రం, 1914, 1918 అని రెండు సంవత్సరాలు ఉంటాయి చూడు. సిపాయిలకి వెండిది ఇచ్చారు, వెంట వెళ్ళిన కూలీలకి, ఫాలోయర్లకి కంచుది ఇచ్చారు. కాబట్టి వెండిదే అయితే మీ తాత పోరాడే యూనిట్ లో ఉన్న మనిషి అని ఒక విషయం అప్పుడే తేలిపోయినట్టు. వెండిది కాబట్టే చాలా మెడల్స్ కరిగి పట్టీలు అయిపోయాయి, మీ ఇంట్లో మిగలడమే గొప్ప.

అంచు మీద నెంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంట్ ఇంగ్లీషులో గుద్ది ఉంటాయి. రాత్రిపూట లైట్లు తీసేసి ఫోన్ టార్చ్ ని పక్క నుంచి వాలుగా వెయ్యి, పైనుంచి వేస్తే ఏమీ కనపడదు. లేకపోతే పల్చటి కాగితం అంచు చుట్టూ చుట్టి మెత్తటి పెన్సిల్ తో రుద్దు. పేరు అరిగిపోయినా పర్లేదు, నెంబరు చదువు. పేరుతో సిపాయిని పట్టుకోవడం అంటే తిరపతి కొండ మీద గుండు చూసి మనిషిని వెతికినట్టు. నెంబరూ రెజిమెంటూ రెండూ కలిస్తే ఒక్కడే ఉంటాడు.

ఆ సింహం బొమ్మ బిళ్ళ గురించి. అది యుద్ధంలో పోయినవాళ్ళ ఇంటికి మాత్రమే పంపించేవాళ్ళు. బ్రిటానియా అని బ్రిటన్ కి గుర్తుగా వేసే ఆడమనిషి బొమ్మ, పక్కన సింహం, పోయినవాడి పేరు, ర్యాంకు లేకుండా, ఆఫీసరైనా సిపాయైనా ఒకేలా. అది మీ ఇంట్లో ఉండేది అంటే ఆయన పారిపోయాడనో ఎక్కడో బతికున్నాడనో ఊళ్ళో ఎవరైనా కథలు చెప్తే నమ్మక్కర్లేదు. పాతసామాన్ల వాడికి వేసినా ఆ మాట గుర్తుండటం కూడా సాక్ష్యమే.

పలమనేరోడు:

అన్నా చాలా థాంక్స్. ఊళ్ళో నిజంగానే ఆ కథ ఉండేది, బస్రాలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడని, మిలిటరీ అవ్వ ముందరే అనేవాళ్ళంట.

టార్చ్ వేసి చూసినా. నెంబరు నాలుగు అంకెలు, అందులో మూడు క్లియర్, ఒకటి 3 కావచ్చు 8 కావచ్చు. తర్వాత సాపర్ అనే దాని పొట్టి అక్షరాలు, పేరులో మొదటి నాలుగక్షరాలు, చివర్లో 2, క్యూ, వీ, ఓ అని ఉండాది, దాని తర్వాత ఎస్, ఎం మాదిరి ఉన్నాయి. ఇది సాపర్సేనా?

రిటైర్డ్ తంబి:

సాపర్సే. 2వ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్, అప్పట్లో మద్రాస్ సాపర్స్ అసలు పేరు అదే. కంటోన్మెంట్ కబుర్లు గారి అనుమానం తీరిపోయింది.

మీనంబాక్కం మేడమ్:

నేను చెన్నై నుంచి, మాది ఒరిజినల్ గా నెల్లూరు. రెండో యుద్ధంలో పోయిన మా మేనమామ ఒకాయన కోసం వెతికి వెతికి ఈ పని అలవాటయ్యింది, ఇప్పుడు వేరేవాళ్ళకి కూడా చూసిపెడుతుంటాను, డబ్బులేమీ తీసుకోను కాబట్టి తీరిక ఉన్నప్పుడే.

తమ్ముడూ, ఆ సైట్లో పేరుతో వెతకడం ఆపేసి ఇలా చెయ్యండి. అడ్వాన్స్డ్ సెర్చ్ లోకి వెళ్ళి పేరు ఖాళీగా వదిలెయ్యండి. సర్వ్డ్ విత్ దగ్గర ఇండియన్, యుద్ధం మొదటిది, రెజిమెంట్ దగ్గర సాపర్స్ అండ్ మైనర్స్, సర్వీస్ నెంబర్ దగ్గర మీరు చదివిన నెంబరు, ఒకసారి 3తో ఒకసారి 8తో. రాకపోతే నెంబరు కూడా తీసేసి దేశం ఇరాక్ అని పెట్టి మొత్తం రిజల్ట్స్ డౌన్లోడ్ చేసుకోండి, ఎక్సెల్ లో వస్తుంది, దాంట్లో మీ ఇష్టం వచ్చినట్టు ఫిల్టర్ చేసుకోవచ్చు. మనవాళ్ళకి ఒకటే పేరు కాబట్టి అది సర్ నేమ్ కాలమ్ లో ఉంటుంది, ఫోర్ నేమ్ లో వెతికితే జన్మలో దొరకదు. స్పెల్లింగ్ సంగతి అడగొద్దు, రిక్రూటింగ్ ఆఫీసులో గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు, స్వామి అనే ఒక్క ముక్కకే నాలుగైదు రకాలు చూశాను.

అడిషనల్ ఇన్ఫర్మేషన్ అని ఒక కాలమ్ ఉంటుంది, అసలు బంగారం అదే. కొందరికి అక్కడ తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి. కొందరికి భార్య పేరు కూడా ఉంటుంది. ఊరి పేరు కోసం చూసేటప్పుడు ఇప్పటి స్పెల్లింగ్ తో చూడకండి, అప్పటి ఇంగ్లీషు వాళ్ళ స్పెల్లింగ్ తో చూడండి. జిల్లా కూడా చూసుకోవాలి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ లో, అంతకుముందు పలమనేరు నార్త్ ఆర్కాట్ కింద ఉండేది. మీ వాళ్ళు 1911కి ముందే చేరి ఉంటే కాగితాల్లో నార్త్ ఆర్కాట్ అనే ఉండిపోయి ఉండొచ్చు. మదనపల్లె వాళ్ళయితే కడప అని ఉంటుంది. ఇది తెలీక చాలామంది మా జిల్లా కాదులే అని తమ మనిషినే దాటుకుని వెళ్ళిపోతారు.

ఇంకోటి, చెన్నైలో ఎవరైనా ఉంటే నందంబాక్కం వార్ సిమెట్రీకి వెళ్ళి చూడమని చెప్తారు. బాగుంటుంది, పచ్చగా, మౌంట్ పూనమల్లి రోడ్డు మీద ఆ హోరు పక్కనే అలాంటి చోటు ఉందని నమ్మలేరు. కానీ మీ పనికి రాదు. సమాధులన్నీ రెండో యుద్ధానివి, 1952లో దక్షిణాదిన, తూర్పున ఉన్న చాలా శ్మశానాల నుంచి ఇక్కడికి తెచ్చారు. వెనకాల మొదటి యుద్ధం మెమోరియల్ ఉంది, వెయ్యికి పైగా పేర్లతో, కానీ అది మన దేశంలోనే వేర్వేరు ఊళ్ళల్లో సమాధులై వాటిని చూసుకునే వీలు లేనివాళ్ళది.

పలమనేరోడు:

అక్కా దొరికినాడు!!

3 కాదు 8. పేరు స్పెల్లింగ్ చూస్తే మా నాయన కూడా గుర్తుపట్టలేడు. కానీ అడిషనల్ ఇన్ఫర్మేషన్ లో తండ్రి పేరు మా వంశంలో చెప్పుకునే పేరే, ఊరు మాదే, తాలూకా పలమనేరు, జిల్లా మీరు చెప్పినట్టే నార్త్ ఆర్కాట్. 1917 జూలై రెండో వారం తేదీ ఉండాది. మెమోరియల్ దగ్గర బస్రా అని ఉండాది. ఆఫీసులో కూర్చుని చూసినా, పక్క సీటు వాడు ఏమైంది అంటే ఏం చెప్పాలో తెలీక లేచి టీకి పోయినా.

రెండు డౌట్లు. బస్రా మెమోరియల్ అంటే సమాధి అక్కడ ఉన్నట్టా? ఆయన పేరు ఆ గోడ మీద ఉంటుందా? ఇంటర్నెట్ లో ఫోటోలు చూస్తే ఎడారిలో ఎక్కడో ఉంది.

మీనంబాక్కం మేడమ్:

చాలా సంతోషం. కానీ మీ రెండు ప్రశ్నలకీ నా జవాబు 'లేదు' అనే.

బస్రా మెమోరియల్ అంటేనే సమాధి ఎక్కడుందో తెలియనివాళ్ళది. 1914 నుంచి 1921 ఆగస్టు దాకా ఆ ప్రాంతంలో పోయినవాళ్ళు 40 వేలకు పైగా దాని మీద లెక్క. 1929లో కట్టారు, మొదట బస్రా ఊరికి దగ్గర్లో షత్ అల్ అరబ్ నది ఒడ్డున రేవులో ఉండేది, 1997లో సద్దాం హుస్సేన్ ఆర్డర్ తో రాయి రాయి విప్పి నాసిరియా వెళ్ళే దారిలో 32 కిలోమీటర్ల దూరం తీసుకెళ్ళి మళ్ళీ కట్టారు. మీరు ఫోటోలో చూసింది అది.

లెక్క అని ఎందుకన్నానంటే, బ్రిటిష్ సైనికులకీ ఆఫీసర్లకీ పేర్లు చెక్కారు. మన మామూలు సిపాయిలకి రెజిమెంట్ పేరు వేసి కింద ఇంతమంది అని అంకె వేశారు. మీ తాత ఆ అంకెలో ఒకడు. పేరు విడిగా రిజిస్టర్లో రాసి ఉంచారు, మీకు సైట్లో కనపడింది ఆ రిజిస్టర్ పుణ్యమే. ఈ తేడా గురించి 2021లో ఆ కమిషనే ఒక రిపోర్ట్ ఇచ్చి క్షమాపణ చెప్పింది, భారత్, ఆఫ్రికా, ఈజిప్ట్ వాళ్ళల్లో 45 వేల నుంచి 54 వేల మందిని మిగతా వాళ్ళతో సమానంగా స్మరించలేదనీ, కనీసం 1 లక్ష 16 వేల మందికి పేరుతో అసలు గుర్తింపే ఇవ్వలేదనీ, ఆ సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండొచ్చనీ ఒప్పుకున్నారు. నాకైతే కోపమే వస్తుంది. పేర్లు తెలీక కాదు కదా, తెలిసీ.

రిటైర్డ్ తంబి:

మేడమ్ చెప్పింది కరెక్ట్. తమ్ముడూ నువ్వు ఇంకో విషయం అడగలేదు, నేనే చెప్తాను, మీ నాయనకి చెప్పాలా వద్దా నువ్వే ఆలోచించుకో.

మీ ఇంట్లో చెప్పుకునే బ్రిడ్జి ఉత్తది కాదు. 1917 ఫిబ్రవరి 23న కుత్ అనే ఊరి దగ్గర షుమ్రాన్ అనే చోట టిగ్రిస్ నది వంపు తిరుగుతుంది, అక్కడ తెల్లవారుజామున పడవల్లో జనాన్ని అవతలికి దాటిస్తూ, అవతల నుంచి టర్కీ వాళ్ళు కాలుస్తుంటే, సాయంత్రానికల్లా పాంటూన్ బ్రిడ్జి, అంటే పడవలు వరసగా కట్టి వాటి మీద వేసే బ్రిడ్జి, వేసేశారు. దాటింది 14వ ఇండియన్ డివిజన్, అందులో మద్రాస్ సాపర్స్ 12, 13 కంపెనీలు (రెజిమెంట్ లో చిన్న దళాలు) ఉండేవి. నది ఆ టైంలో వరద మీద ఉంటుంది, తెడ్డు వేసేవాళ్ళు పోతే పడవలు కొట్టుకుపోయాయి. ఆ తర్వాతే మార్చి 11న బాగ్దాద్ పడింది. మా దగ్గర రిక్రూట్ లకి ఇలాంటివి చెప్తారు.

కానీ నీ దగ్గరున్న తేదీ జూలై. బ్రిడ్జికీ దానికీ మధ్య నాలుగున్నర నెలలు. జూలైలో ఆ పక్క పెద్ద యుద్ధం అంటే రమాదీ ఒకటే, అది కూడా యూఫ్రటిస్ పక్క, ఎండ ఎంత ఘోరంగా ఉందంటే అక్కడ పడిపోయిన వాళ్ళల్లో సగం మందికి పైగా తూటాకి కాదు వడదెబ్బకి. ఆ వేసవి అంతా సైన్యం మామూలుగా గుడారాల్లోనే ఉండిపోయింది. అక్కడ పోయినవాళ్ళల్లో జబ్బులతో పోయినవాళ్ళు చాలామంది, కలరా, విరేచనాలు, జ్వరాలు, మనవాళ్ళకి సరైన కూరగాయలు లేక స్కర్వీ.

బ్రిడ్జి మీద ఆయన ఉండి ఉండొచ్చు, అక్కడ దెబ్బ తగిలి తర్వాత ఆసుపత్రిలో పోయి ఉండొచ్చు, లేదా ఉట్టి జ్వరంతో పోయి ఉండొచ్చు. ఆ సైట్లో తేదీ ఉంటుంది గానీ ఎలా పోయాడన్నది ఉండదు.

పలమనేరోడు:

అన్నా నాయనకి చెప్పేసినా. ముందు మాట్లాడలేదు, తర్వాత ఒకటే మాట, జ్వరంతో పోతే పెన్షన్ ఎందుకిస్తారు, బ్రిడ్జి మీదే పోయింటాడు, మీ లిస్టులో తేదీ తప్పు అని. ఆయనతో వాదించలేదు. నాకు మాత్రం ఇప్పుడు అది కూడా తెలుసుకోవాలని ఉండాది, జూలైలో ఆయన యాడ ఉన్నాడో.

వీకెండ్ బుల్లెట్:

తప్పుగా అనుకోకండి, అసలు బ్రిటిష్ వాడి కోసం ఎవరిదో దేశం మీదికి పోయి చచ్చిపోయినవాళ్ళకి మనం ఇంత ఇదవ్వాలా?

కంటోన్మెంట్ కబుర్లు:

నెలకి 11 రూపాయలు జీతం అప్పట్లో సిపాయికి. కరువులో ఉన్న రెండెకరాల మెట్ట రైతు కొడుకుకి అది బ్రిటిషోడి కోసమా, ఇంట్లో పొయ్యి కోసమా అని అడిగితే ఏం చెప్పేవాడు? పదమూడు లక్షల మంది వెళ్ళారు మన దేశం నుంచి, 74 వేల మంది దాకా పోయారు. రాజు మీద ప్రేమతో ఎంతమంది వెళ్ళుంటారో మీరే లెక్కేసుకోండి. అయినా ఇక్కడ అడిగింది ఒక ఇంటి మనిషి గురించి, ఆ డిబేట్ కావాలంటే వేరే థ్రెడ్ పెట్టుకోండి, అక్కడికి నేను కూడా వస్తాను.

రిటైర్డ్ తంబి:

మీ నాయన అడిగినదానికి జవాబు ఉంది తమ్ముడూ. సర్వీస్ లో ఉండి యుద్ధరంగంలో జబ్బుతో పోయినా పెళ్ళానికి ఫ్యామిలీ పెన్షన్ ఉండేది, కంచు బిళ్ళ కూడా ఇచ్చారు. కాబట్టి పెన్షన్ బట్టి ఏదీ తేలదు. తేదీ తప్పు అన్నది కూడా కొట్టిపారెయ్యలేం, ఫీల్డ్ లో పోయినరోజు వేరే, కాగితం మీదికి ఎక్కినరోజు వేరే అయిన సందర్భాలు ఉంటాయి, కానీ నాలుగు నెలలు తేడా అంటే నేను నమ్మను.

మీనంబాక్కం మేడమ్:

జూలైలో ఎక్కడ ఉన్నాడన్నదానికి నా అనుమానం అమారా. అనుమానం అనే అంటున్నాను. టిగ్రిస్ మీద బస్రాకీ బాగ్దాద్ కీ మధ్య ఊరు అది, సైన్యానికి ఆసుపత్రుల ఊరు లాంటిది, ఏడు జనరల్ హాస్పిటల్స్ ఉండేవి, పైనుంచి జబ్బుపడినవాళ్ళనీ గాయపడ్డవాళ్ళనీ పడవల మీద అక్కడికి దించేవాళ్ళు. అమారాలో నదికి ఎడమ గట్టున ఇండియన్ వార్ సిమెట్రీ అని విడిగా ఒకటి ఉంది. దాదాపు 5 వేల మంది మనవాళ్ళు. వాళ్ళల్లో ఎవరో తెలిసింది ఎంతమందో తెలుసా? 9 మంది. మిలిటరీ వాళ్ళు సరిగ్గా రికార్డే పెట్టలేదు. అందుకే సమాధి తెలియనివాళ్ళ లిస్టులో మనవాళ్ళు అంతమంది. ఎడారిలో తప్పిపోయి కాదు, ఆసుపత్రి మంచం మీద పోయినవాడిది కూడా ఎక్కడ దహనం చేశారో, పూడ్చారో రాయలేదు.

ఇక కాగితాలు. ఒక్కొక్క యూనిట్ రోజూ వార్ డైరీ రాసేది, ఆ రోజు ఎక్కడున్నారు, ఏం పని చేశారు, ఎంతమంది పోయారు అని. అవి లండన్ లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ లో డబ్ల్యూఓ 95 అనే సిరీస్ లో ఉన్నాయి. సైట్లో వెతుక్కోవచ్చు, స్కాన్ అయినవి డౌన్లోడ్ చేసుకోవచ్చు. ముందే చెప్తున్నాను, దాంట్లో మీ తాత పేరు ఉంటుందని ఆశపడకండి. ఆఫీసర్ కి జలుబు చేస్తే పేరు పెట్టి రాస్తారు, సిపాయి పోతే 'ఒక సాపర్ మృతి' అని ఉంటుంది. కానీ మీ దగ్గర తేదీ ఉంది. ఆ తేదీ పేజీ తీసి అక్కడ ఒక సాపర్ మృతి అని ఉంటే అదే మీ మనిషి. లేకపోతే, ఆయన అప్పటికే యూనిట్ వదిలి ఆసుపత్రికి వెళ్ళినట్టు, వెనక్కి తిరగేస్తూ పోతే ఎప్పుడు ఎంతమందిని ఆసుపత్రికి పంపారో కూడా దొరుకుతుంది. నేను మా మేనమామకి అలాగే పట్టుకున్నాను, ఆయన పోయిన రోజు ఆ కంపెనీ పొద్దున్నుంచీ వర్షంలో కల్వర్టు కడుతోంది అని కూడా తెలిసింది, నాకు అది చాలా అనిపించింది.

ఎగ్మోర్ లో తమిళనాడు ఆర్కైవ్స్ కి కూడా అప్పటి చిత్తూరు జిల్లా సంబంధించిన మద్రాస్ ప్రెసిడెన్సీ కాగితాలు ఉంటాయి కాబట్టి వస్తే రావచ్చు, కానీ అక్కడ ఒక్క సిపాయి కోసం వెతకడం నేనైతే ఆఖర్న పెట్టుకుంటాను.

పలమనేరోడు:

అక్కా, అమారా పేరు మ్యాప్ లో చూసినా. 9 మంది అన్నది మాత్రం నాయనకి చెప్పలేదు.

డైరీ వెతకడానికి ఏ కంపెనీయో తెలియాలి కదా. సైట్లో రెజిమెంట్ పేరు వరకే ఉండాది. మెడల్ అంచులో ఇంకేమైనా ఉంటుందా?

కంటోన్మెంట్ కబుర్లు:

తిథి సంగతి ఎవరూ చెప్పలేదు. 1917 ఉగాది నుంచి పింగళ నామ సంవత్సరం. ఆ జూలై మొదట్లోనే పౌర్ణమి వెళ్ళిపోయి 19న అమావాస్య, కాబట్టి రెండో వారం అంటే ఆషాఢ బహుళంలో పడుతుంది. ఖచ్చితంగా ఏ తిథి అన్నది మీ దగ్గరున్న తేదీ ఇచ్చి పాత పంచాంగం లెక్కలు తెలిసిన సిద్ధాంతి గారిని అడగండి, యాప్ లో చూసి పెట్టేసుకోకండి, సూర్యోదయం లెక్క, అపరాహ్ణం లెక్క అని తేడాలు ఉంటాయి, మీ ఇంటి ఆచారం ఏదో మీ నాయనకే తెలుస్తుంది.

రిటైర్డ్ తంబి:

మెడల్ అంచులో కంపెనీ ఉండదు, రెజిమెంట్ వరకే. కంపెనీ కోసం ఇక్కడే అడగాలి, హలసూరు చెరువు పక్కన మా సెంటర్ లో మ్యూజియం, ఆర్కైవ్స్ ఉన్నాయి. అది ఆర్మీ ఏరియా, ఆదివారం పూట పిల్లల్ని తీసుకుని గేటు దగ్గరికి వచ్చేస్తే లోపలికి పంపరు, ముందు ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి. అంత పాత సిపాయిల కాగితాలు అన్నీ ఉంటాయని నేను హామీ ఇవ్వను, కానీ ఎప్పుడు ఎక్కడ ఏ కంపెనీ ఉందో చెప్పగలిగేవాళ్ళు అక్కడే ఉంటారు.

ఉత్తరంలో మీ ఊరి కథంతా రాయకు. పైన నెంబరు, ర్యాంకు, పేరు మెడల్ మీద ఉన్న స్పెల్లింగ్ లోనే, దాని కింద సైట్లో ఉన్న స్పెల్లింగ్, తండ్రి పేరు, ఊరు, చనిపోయిన తేదీ, నీకు ఏమవుతాడు, నీకు కావాల్సింది ఒకటే ముక్క, ఏ కంపెనీ. మెడల్ అంచు ఫోటోలు చుట్టూ తిప్పి నాలుగు తీసి పెట్టు. డ్రాఫ్ట్ రాసి నాకు పర్సనల్ మెసేజ్ చెయ్యి, నేను చూసి చెప్తాను.

పలమనేరోడు:

రాత్రికి పంపిస్తా అన్నా. ఫోటోలు వెలుతురులో సరిగ్గా రావట్లేదు, పెన్సిల్ తో రుద్దిన కాగితం కూడా జత చెయ్యచ్చా?

రిటైర్డ్ తంబి:

చెయ్యి. కాకపోతే జిరాక్స్ పెట్టు, ఒరిజినల్ నీ దగ్గరే ఉంచుకో.